వికర్ మింగని మాత్ర

లినెట్ హార్‌గ్రీవ్స్ కళ్ళుగప్పి ఒక్క బఠాణీగింజ దాచడం కూడా ఎవరి తరమూ కాలేదు. ఇంగ్లండులో లాంకషైర్ వైపు ఒక బడి భోజనశాలలో ముప్ఫయ్యొక్క ఏళ్ళు వడ్డించిన మనిషి ఆమె. క్యారెట్ ముక్క బుగ్గలో దాచుకుని మింగేసినట్టు మొహం పెట్టే పిల్లల్ని నాలుగు బల్లల అవతలి నుంచే పట్టేసేది. తిట్టేది కాదు, కొట్టడం అసలే లేదు. గరిటె పట్టుకుని వచ్చి పక్కన నిలబడి, "ఏదీ, నోరు తెరువు నాన్నా" అనేది. ఇక ఆ క్యారెట్ లోపలికైనా పోవాలి, బయటికైనా రావాలి. ఆమె చేతి తిండి తిన్నవాళ్ళలో ఒకడు ఇప్పుడా ఊరి మేయరు, ఇద్దరు జైలుకి వెళ్ళొచ్చారు. దారిలో ఆమె ఎదురైతే ముగ్గురికీ ఇప్పటికీ నోరు దానంతటదే తెరుచుకుంటుంది.

అలాంటి మనిషి ఏప్రిల్‌లో ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకి, ఫ్రాన్స్‌లో నార్మండీ తీరాన ఒక పశువుల డాక్టరు గదిలో, తన సొంత కుక్క మాత్రని బుగ్గలో దాచుకోవడం కళ్ళారా చూసింది. చూసి నోరు మెదపలేదు.

ఎందుకు మెదపలేదో తెలియాలంటే ముందు ఆమె మొగుడు కీత్ గురించి చెప్పుకోవాలి. ఆయన బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగా ముప్ఫయ్యెనిమిదేళ్ళు పనిచేసి దిగిపోయాడు. ఉద్యోగమైతే దిగిపోయింది గాని, గడియారం మాత్రం ఆయన తలకాయలోనే ఉండిపోయింది. టీ మూడు నిమిషాలు నానాలి. ఉడకేసిన గుడ్డు నాలుగున్నర. పదకొండేళ్ళ కిందట మోటార్‌హోమ్ కొన్నాడు, మంచమూ పొయ్యీ మరుగుదొడ్డీ అన్నీ కడుపులో పెట్టుకున్న నాలుగు టన్నుల బండి. అప్పట్నుంచి ప్రతి చలికాలం మూడు నెలలు మొగుడూ పెళ్ళామూ కుక్కా స్పెయినూ పోర్చుగలూ తిరిగి రావడం రివాజు.

కుక్క పేరు వికర్. ఒళ్ళంతా కారునలుపు, మెడ చుట్టూ మాత్రం తెల్లటి పట్టీ, అచ్చం చర్చి పాదిరి గారి కాలరే. అందుకని ఇంగ్లండులో ఊరి పాదిరిని ఏమని పిలుస్తారో అదే పేరు పెట్టేశారు. గుణాలు మాత్రం పాదిరివి కావు. పోర్చుగల్లో సముద్రపొడ్డున కీత్ గొంతు చించుకుని, "వికర్, సిగ్గులేదా నీకు, ఆవిడ మీంచి దిగు" అని అరిస్తే, ఎండలో పడుకున్న ఇంగ్లిషు ముసలమ్మలు ఇరవైమంది ఒక్కసారిగా లేచి కూర్చున్నారు. దిగిందెవరో చూశాక గాని మళ్ళీ పడుకోలేదు.

ఇక అసలు చిక్కు. వాళ్ళ దేశంలో అంత బరువు బండి నడిపే హక్కు డెబ్బయ్యేళ్ళు నిండిన రోజుతో ఆగిపోతుంది. కావాలంటే డాక్టరు చేత కళ్ళూ గుండే చూపించుకుని కాగితం పంపాలి. కీత్‌కి ఆ శుక్రవారానికి డెబ్బై నిండుతాయి. కాగితం తెప్పించుకున్నాడు, సొరుగులో పెట్టాడు, సొరుగు మూశాడు. కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయంటాడు. మొన్న స్పెయిన్‌లో సందెవేళ చెత్తడబ్బాని పోలీసనుకుని బండి ఆపి కాగితాలు చేతికిచ్చాడన్న సంగతి మాత్రం ఎత్తనివ్వడు.

అందుకే జనవరిలో బయల్దేరేటప్పుడే స్టాఫర్డ్ దగ్గర పాత బండ్లు కొనే ఒకాయనతో నోటిమాటగా బేరం కుదుర్చుకున్నాడు. తమ చిన్న కారు ఆయన దొడ్లో పెట్టి వచ్చారు. గురువారం ఓడ దిగడం, దారిలో స్టాఫర్డ్ దగ్గర మలుపు తిరగడం, బండి ఆయనకి అప్పజెప్పి కారులో ఇంటికెళ్ళడం. డెబ్బై రావడానికి ఒకరోజు ముందే వ్యవహారం ముగుస్తుంది.

"నేను నడుపుతాగా" అంది లినెట్, ఒకటికి పదిసార్లు. ఆమెకి అరవయ్యారు. పాతకాలం లైసెన్సు, ఆ బండికి నిక్షేపంగా సరిపోతుంది. ఆ మాట అన్నప్పుడల్లా కీత్ నవ్వుతాడు. పదకొండేళ్ళ కిందట ఒక సూపర్ మార్కెట్ ఆవరణలో ఆమె ఆ బండి నడిపి, సామాను తోసుకెళ్ళే ట్రాలీలు పెట్టే రేకుల పాకకి ఒక దెబ్బ వేసింది. పాక ఒరిగింది. అంతే, ఆ రోజు నుంచి స్టీరింగ్ ఆమె చేతికి రాలేదు. విచిత్రమేమిటంటే, ఏటేటా బీమా కాగితంలో ఆమె పేరు కూడా రాయించేవాడు. ఎందుకంటే అత్యవసరానికి అనేవాడు.

లినెట్‌కి ఆ బండి పోవడం ఇష్టం లేదు. ఇష్టం లేకపోవడమంటే చిన్నమాట. ఇంట్లో ఆమె మోకాళ్ళకి మందు రాసుకుంటూ కిటికీలోంచి వాన చూసే మనిషి. బండిలో ఉంటే సార్డీన్ చేపలు బేరమాడుతుంది, రానిభాషలో జోకులేస్తుంది, పొద్దున్నే తలుపు తీస్తే ఏ ఊరు కనిపిస్తుందోనని గబగబా చెప్పులేసుకుంటుంది. బండి పోతే ఆ రెండో మనిషి కూడా బండితోనే పోతుందని ఆమెకి బాగా తెలుసు. కీత్ ఆ స్టాఫర్డ్ ఆయన పేరెత్తితే లేచి గిన్నెలు కడగడం మొదలెట్టేది.

ఇప్పుడు మాత్ర దగ్గరికి వద్దాం. విదేశం తిరిగిన కుక్క ఇంగ్లండులో అడుగుపెట్టాలంటే బద్దెపురుగుల మాత్ర పడాలి. మనం వేస్తే చెల్లదు. డాక్టరే వెయ్యాలి, వేసిన టైము రాసి స్టాంపు గుద్దాలి. అక్కణ్ణుంచి ఇరవైనాలుగు గంటలు దాటాకే ఇంగ్లండు గట్టెక్కాలి, నూటయిరవై దాటకుండా ఎక్కాలి. మామూలు మనుషులకి ఇది తలనొప్పి. కీత్‌కి పండగ. రెండువారాల ముందే గళ్ళు గీసి పట్టిక వేసుకున్నాడు.

డాక్టరమ్మ మదాం లెకోర్ మాత్రని చీజు ముక్కలో పెట్టి ఇచ్చింది. వికర్ చీజు మింగాడు. మాత్ర ఎడమ బుగ్గలోకి తోశాడు. బుద్ధిమంతుడిలా ఆవిడ చెయ్యి నాకాడు.

"చాలా మంచి అబ్బాయి" అంది డాక్టరమ్మ వచ్చీరాని ఇంగ్లిషులో.

"పదకొండూ నాలుగు" అన్నాడు కీత్ గడియారం చూసి. "పదకొండూ నాలుగు అని రాయండమ్మా. పదకొండు అని రాయకండి."

ఆవిడ రాసింది. లినెట్ ఆ ఎడమ బుగ్గ వంకే చూస్తోంది. అలవాటు కొద్దీ "ఏదీ, నోరు తెరువు" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో అక్కడే ఆగింది.

బండిలోకొచ్చిన పది నిమిషాలకి వికర్ బల్ల కింద దూరి మాత్రని చాప మీద ఉమ్మేశాడు. లినెట్ దాన్ని కాగితంతో తీసి, ఖాళీ ఆవాల సీసాలో వేసి మూత పెట్టింది. అప్పటికి ఆమెకి ఏ దురుద్దేశమూ లేదు. మూత బిగిస్తుంటే వచ్చింది. ఇప్పుడు చెబితే కీత్ వెనక్కి తిప్పుతాడు, ఇంకో మాత్ర పడుతుంది, గురువారం ఓడకి ఏ ఢోకా ఉండదు. అదే గురువారం పొద్దున చెబితేనో? అప్పుడు మాత్ర వేయించినా మర్నాడు ఓడే గతి. మర్నాడు శుక్రవారం. శుక్రవారం కీత్‌కి డెబ్బై. డెబ్బయ్యేళ్ళవాడు ఈ బండి నడపకూడదు.

లినెట్ వేళ్ళ మీద ఇంకోసారి లెక్కేసుకుంది. లెక్క సరిగ్గానే వచ్చింది. ఆవాల సీసాని పిండి డబ్బా వెనక్కి నెట్టింది.

అలాగని ఆమె మరీ గుండె తీసిన బంటు కాదు. బుధవారమంతా సర్దుతూనే ఉంది గాని లోపల పీకుతూనే ఉంది. పళ్ళేలు అట్టపెట్టెల్లో పెట్టింది, దుప్పట్లు మడిచింది. కీత్ మరుగుదొడ్డి పెట్టె ఖాళీ చేసి వచ్చి, పదకొండేళ్ళలో ఇది మూడువందల తొంభయ్యోసారి అని ప్రకటించాడు. ఆ మాట అన్నాక ఆ ఖాళీ పెట్టె కడిగిందే కడుగుతూ పంపు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. అది చూసి లినెట్‌కి మనసు కరిగింది. రాత్రి తిండి దగ్గర నిజం చెప్పేద్దామనుకుంది.

ఇలాంటి బండ్లు ఆపుకునే ఆ మైదానంలో సాయంత్రం పక్కబండి ట్రెవర్ కుర్చీ వేసుకుని వచ్చి కూర్చున్నాడు. అతనిదీ ఇంగ్లండే, ఏదో దక్షిణాది ఊరు. రెండు గుక్కల వైను పడగానే కీత్ ట్రాలీల పాక కథ ఎత్తుకున్నాడు. ఈ మూడు నెలల్లో అది పద్నాలుగోసారి.

"పాక ఇలా ఒరిగింది ట్రెవరూ. ఈవిడ దిగి ఏమందో తెలుసా? ఆ పాక నిన్న ఇక్కడ లేదు, అంది."

ట్రెవర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆడవాళ్ళు పక్క అద్దాలు లిప్‌స్టిక్కు వేసుకోడానికే అనుకుంటారు" అన్నాడు. "నాలుగు టన్నులు వాళ్ళవల్ల ఎక్కడవుతుంది కీత్? అమ్మెయ్, సుఖపడు."

లినెట్ చిరునవ్వు నవ్వింది. లోపలికెళ్ళి, గడువు దాటి ఆరు నెలలైన ఉప్పుచేపల డబ్బా ఒకటి తెచ్చి, "మాకు మిగిలిపోయింది, మీరు తినండి ట్రెవర్" అని ప్రేమగా చేతిలో పెట్టింది. ఆ రాత్రి తిండి దగ్గర నిజమూ లేదు, గిజమూ లేదు.

గురువారం పొద్దున ఆరింటికి చీపురు పట్టుకుంది. కీత్ అప్పటికే బూట్లు వేసుకుని కాగితాలన్నీ వరసలో పేర్చుకుంటున్నాడు.

"కీత్, ఇదేంటో చూడు ఒకసారి. బల్ల కింద దొరికింది."

కీత్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. అరచేతిలో మాత్రని తిప్పి చూశాడు, వికర్‌ని చూశాడు. వికర్ తలుపు వంక చూశాడు.

"మంగళవారం మాత్రే ఇది" అన్నాడు మెల్లగా.

"అయ్యో. మింగలేదా అయితే?"

కీత్ మంచమ్మీద కూలబడ్డాడు. కాగితం తీసి స్టాంపు చూశాడు. పదకొండూ నాలుగు అని ముత్యాల్లా రాసి ఉంది. ఓడ ఎక్కడానికి ఇంకా గంటన్నర ఉంది.

"స్టాంపయితే ఉంది" అన్నాడు.

లినెట్ చేతిలో చీపురు ఆగిపోయింది. ఆమె ఇన్ని లెక్కలేసింది గాని ఈ లెక్క వెయ్యలేదు. స్టాంపు ఉంది, మాత్ర గుట్టు ముగ్గురికే తెలుసు, అందులో ఒకడు కుక్క. పద అని కీత్ అంటే ఇక పోవాల్సిందే. సాయంత్రానికి బండి స్టాఫర్డ్‌లో ఉంటుంది.

"స్టాంపుంది" అన్నాడు కీత్ మళ్ళీ. "ఎవడూ అడగడు." కాగితం మడిచి మళ్ళీ విప్పాడు. "టికెట్ లేకుండా కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తుంటారు చూడు పిల్లా, అలాంటివాళ్ళని వర్షంలో దింపేశాను. ఒకాయనని ఆయన పెళ్ళిరోజున దింపాను. ఇప్పుడు నేను కిటికీలోంచి చూస్తూ కూర్చోనా?"

"కూర్చోవద్దు" అంది లినెట్. ఆ క్షణంలో ఆయన మీద ఆమెకి ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే, సీసా సంగతి చెప్పేద్దామని కూడా అనిపించింది. తమాయించుకుంది.

తొమ్మిదింటికి మదాం లెకోర్ తలుపు తియ్యగానే వాళ్ళు గుమ్మంలో ఉన్నారు. ఈసారి ఆవిడ చీజు జోలికి పోలేదు. వికర్ దవడ పట్టి వేలు గొంతుదాకా పెట్టింది. వాడు మొహం గంటు పెట్టుకుని మింగాడు. లినెట్ అలవాటు ప్రకారం, "ఏదీ, నోరు తెరువు" అంది. తెరిచాడు. లేదు. తొమ్మిదీ పదకొండు అని రాయించుకున్నాడు కీత్. బయటికొచ్చి ఓడ కంపెనీకి ఫోను చేసి మర్నాటి పొద్దుటి ఓడకి మార్పించాడు. జేబులోంచి పట్టిక తీసి పెన్సిలు ఆనించాడు. పెన్సిలు ఆగిపోయింది.

"రేపు శుక్రవారం."

"అవును, నీ పుట్టినరోజు. కేకు కొనాలి, గుర్తుచెయ్యి."

"లినెట్. రేపు నేను నడపకూడదు."

"అవును కదూ" అంది లినెట్, ఇప్పుడే తట్టినట్టు.

కీత్ ఊరుకోలేదు. ట్రెవర్ దగ్గరికి పరుగెత్తాడు. ట్రెవర్ తువ్వాలు కట్టుకుని పాలిపోయిన మొహంతో తలుపు తీశాడు. ఉప్పుచేపలు తిన్నాడు మరి. విషయం విని తల అడ్డంగా ఊపాడు. అతనికి డెబ్బైమూడట. డెబ్బై నిండినప్పుడే పెద్దబండి అమ్మేసి ఈ చిన్నబండి కొన్నాడట. నిన్న నాలుగు టన్నుల గురించి అన్ని పాఠాలు చెప్పినవాడు ఆ ముక్క మాత్రం చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి కూడా ఎక్కువసేపు నిలబడలేక లోపలికి పరుగెత్తాడు.

శుక్రవారం పొద్దున లినెట్ సీటు ముందుకి జరుపుకుంది. పదకొండేళ్ళుగా అది కీత్ కాళ్ళ కొలతకి ఉన్న సీటు. కీత్ పక్కన కూర్చుని బెల్టు పెట్టుకుని, పైన కడ్డీని రెండు చేతుల్తో పట్టుకున్నాడు. కేకు ఒళ్ళో ఉంది.

"అద్దం చూసుకో. ఎడమది. ఇప్పుడు కుడిది. నెమ్మది. నెమ్మదన్నానా."

"ఇంకా బండి స్టార్టు చెయ్యలేదు మహానుభావా."

రేవులో వికర్ మెడ చర్మం కింద ఉన్న గుర్తింపు చిప్పుని చదివే యంత్రం లినెట్ చేతికిచ్చి చదివించారు. స్టాంపు చూశారు. అన్నీ బాగున్నాయి. ఓడ కడుపులోకి వెళ్ళాక పచ్చకోటు వేసుకున్న కుర్రాడు చెయ్యి ఊపాడు. ముందుకి కాదు. వెనక్కి రమ్మంటున్నాడు, పెద్ద లారీకీ ఇనుపగోడకీ మధ్య, బండి పట్టీపట్టని సందులోకి.

కీత్ కళ్ళు మూసుకున్నాడు. "నేను దిగి చూపిస్తా."

"కూర్చో" అంది లినెట్. భోజనశాలలో వినిపించే గొంతు అది. కీత్ కూర్చున్నాడు.

పొగలు కక్కే పులుసు గంగాళాల బండిని, కాళ్ళకడ్డం పడే రెండువందలమంది పిల్లల మధ్య నుంచి, వెనక్కి నడుస్తూ ఈడ్చుకెళ్ళిన మనిషి ఆమె. లారీకి ఏం కాళ్ళున్నాయి అడ్డం రావడానికి? అంగుళం అంగుళం వచ్చింది. నడుం మధ్యలో చెమట కారింది. స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది. పచ్చకోటు కుర్రాడు బొటనవేలు పైకెత్తాడు. రెండువైపులా జానెడు జానెడు మిగిలింది.

కీత్ కళ్ళు తెరిచి ఎడమ అద్దం చూశాడు, కుడి అద్దం చూశాడు. పైన కడ్డీని వదిలాడు.

ఓడలో కుక్కలున్నవాళ్ళకిచ్చే గదిలో ముగ్గురూ కేకు తిన్నారు. వికర్ రెండు ముక్కలు తిన్నాడు, రెండూ నిజంగానే మింగాడు. కీత్ వాణ్ణి చూస్తూ అన్నాడు:

"ముప్ఫయ్యొక్క ఏళ్ళు పిల్లల బుగ్గలు చూసి పట్టుకున్నావు. వీడి బుగ్గ కనబళ్ళేదా నీకు?"

లినెట్ ఫోర్కు కింద పెట్టింది. "కనబడింది."

"ఎప్పుడు?"

"పదకొండూ నాలుక్కి."

కొత్వాలుకి దొంగ దొరికాడు. దొంగకేమో భయం వెయ్యడం లేదు, ఏడుపొస్తోంది.

"నువ్వు నా చేతికి ఇవ్వవు కీత్" అంది. "పదకొండేళ్ళుగా ఆ పాకని చూపించి నన్ను పక్కన కూర్చోబెట్టావు. నీకు డెబ్బై వస్తే నేనెందుకు ఆగిపోవాలి? నాకు ఇంటికెళ్ళి మోకాళ్ళకి మందు రాసుకోవాలని లేదు. ఇంకా లేదు."

కీత్ పళ్ళెం పక్కకి జరిపాడు. లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. రేవు వచ్చేదాకా బయటికే చూశాడు. మోసం పట్టుబడింది కాబట్టి ఇక పంతానికి పోకూడదని లినెట్ నిశ్చయించుకుంది. మలుపు ఎక్కడ తిరగమంటే అక్కడ తిరుగుతుంది. ఆ స్టాఫర్డ్ ఆయన చేతిలో తాళాలు తనే పెడుతుంది. నడిపాను, ఒక్క రోజైనా నడిపాను, చాలనుకుంది. చాలదని తెలుస్తూనే ఉంది.

పోర్ట్స్‌మత్‌లో దిగి, ఎడమవైపు రోడ్డుకి మారి, ఉత్తరానికి పట్టింది. కీత్ పాత ఉద్యోగం మళ్ళీ మొదలెట్టాడు. ప్రతి మలుపూ రెండు మైళ్ళ ముందే చెబుతున్నాడు. "ఇప్పుడు మధ్యలోకి రా." "లారీ పోనీ." "రెండు మైళ్ళలో ఎడమ." గొంతులో కోపం లేదు, చనువూ లేదు. స్టాపులు చదువుతున్నట్టుంది. మూడు గంటలు అలా చదివాడు. ఒక్కటి తప్పలేదు. బర్మింగ్‌హామ్ దాటింది. ఆమె చెవులు రిక్కించి స్టాఫర్డ్ అనే మాట కోసం కాచుకుని ఉంది.

ఆ మాట రాలేదు. రోడ్డు పక్కన ఇంటిగోడంత బోర్డు ఒకటి వచ్చింది, వెళ్ళింది. తర్వాత ఇంకోటి. ఎడమవైపు దారి చీలి పైకెక్కి వంతెన మీదికి పోయింది. వీళ్ళ బండి మాత్రం తిన్నగానే పోతోంది.

"కీత్" అంది లినెట్. "మలుపు దాటిపోయాం."

"అలాగా."

"నువ్వు చెప్పలేదు."

"కంటికి ఆనలేదు పిల్లా. డెబ్బయ్యేళ్ళు కదా."

ఆమె ఒక్కసారి పక్కకి చూసి మళ్ళీ రోడ్డు మీదికి కళ్ళు తిప్పుకుంది.

"మన కారు అక్కడే ఉండిపోయింది."

"ఉండనీ. దాన్నెవడు ఎత్తుకుపోతాడు."

వెనకాల వికర్ ఒళ్ళు విరుచుకుని మళ్ళీ పడుకున్నాడు. కీత్ కాసేపు గడియారం చూశాడు.

"పన్నెండు మైళ్ళలో ఇంకో మలుపొస్తుంది" అన్నాడు. "వెనక్కి తిరగాలంటే అక్కడ తిరగొచ్చు."

"తిరగమంటావా?"

"నన్నడుగుతావేం" అన్నాడు కీత్. "నడిపేదానివి నువ్వు."